కొత్త ఈగ జాతిని వర్ణించడానికి: మైక్రోస్కోపా, డీఎన్ఏనా?

పాకాల అడవిలో రాలిన పండ్ల మీద ముసిరే చిన్న ఈగల్లో ఒకటి కొత్త జాతి అనిపిస్తే, కాకతీయ యూనివర్సిటీలో జువాలజీ చదివే పిల్లలకు మొదట వచ్చే టెన్షన్ ఇదే.

ఖర్చు: మైక్రోస్కోప్ డిపార్ట్‌మెంట్‌లో ఉంటే స్లైడ్లు, రసాయనాలు కొంటే చాలు. డీఎన్ఏకైతే ప్రతి నమూనాకూ డబ్బు కట్టాలి.

శ్రమ: మైక్రోస్కోప్‌దే ఎక్కువ. డ్రోసోఫిలా లాంటి ఈగల్లో దగ్గరి జాతులను విడదీసి చూపేది చాలాసార్లు మగ ఈగ జననాంగాల ఆకారమే. రెండు మూడు మిల్లీమీటర్ల ఈగను సూదులతో విప్పి, ఉన్నదున్నట్టు బొమ్మ గీయాలంటే చేయి కుదరాలి. దయచేసి ఓపికగా నేర్చుకోండి, ఈ విద్య తెలిసినవాళ్లు చాలా తక్కువ. డీఎన్ఏ బార్‌కోడ్‌కు, అంటే జాతిని గుర్తుపట్టే చిన్న డీఎన్ఏ ముక్కకు, సీఓఐ అనే మైటోకాండ్రియా జన్యువులో సుమారు 650 డీఎన్ఏ అక్షరాలు చదివిస్తారు.

రిస్క్: మైక్రోస్కోప్‌లో దగ్గరి జాతుల ఆడ ఈగలు ఒకేలా కనిపించి మోసం చేస్తాయి. అటు పురుగుల కణాల్లో బతికే వొల్బాకియా బాక్టీరియా సోకితే సీఓఐ కూడా దారి తప్పించవచ్చు.

మంచి మగ ఈగలు దొరికితే మైక్రోస్కోప్‌తోనే మొదలుపెట్టండి. ఆడవి, లార్వాలే ఉంటే డీఎన్ఏ మేలు. ఏ దారైనా హోలోటైప్‌ను, అంటే కొత్త జాతి పేరుకు ఆధారంగా ఎంచుకున్న ఒక్క నమూనాను, మ్యూజియంలో భద్రపరచాలి. పాకాల అభయారణ్యం కాబట్టి పట్టేముందే అటవీశాఖ అనుమతి తీసుకోండి.