పోలండ్ వాళ్ళ ప్రవర్తన: విన్న మాటలు, హుర్ఘాదా నుంచి జకోపానే దాకా చూసిన మనుషులు

బెర్లిన్‌లో రైలెక్కితే గంటకి ఓడర్ నది వస్తుంది. వంతెన దాటితే పోలండ్. ఇంత దగ్గరున్నా, ఇక్కడి తెలుగు కుటుంబాల్లో ఎవరైనా అటు వెళ్తామనగానే సలహాలు మొదలవుతాయి. కారు తీసుకెళ్ళకండి, పోతుంది. అక్కడ ఎవరూ నవ్వరు, కసురుతారు. ఈజిప్టులోనో టర్కీలోనో హోటల్ తీసుకుంటే పోలిష్ గుంపులు లేని చోటు చూసుకోండి, తాగి గోల చేస్తారు. ఈ మాటలు చెప్పేవాళ్ళలో చాలామంది పోలండ్‌లో ఒక్క రాత్రి కూడా ఉండలేదు. జర్మన్ సహోద్యోగుల దగ్గర విన్నవే మనకి అందిస్తున్నారు.

మేము ఈ మధ్య రెండు రకాలుగా పోలిష్ వాళ్ళ మధ్య గడిపాం. ఒకసారి వాళ్ళ టూర్ ప్యాకేజీలో ఈజిప్టులో ఎర్ర సముద్రం ఒడ్డున ఉన్న హుర్ఘాదాకి వెళ్ళాం. తర్వాత మా అమ్మానాన్నలు వచ్చినప్పుడు వాళ్ళని తీసుకుని పోలండ్‌లో క్రాకోవ్, కొండల్లోని జకోపానే, బాల్టిక్ సముద్రం ఒడ్డున సోపోట్ తిరిగాం. బసలు ఎలా ఉన్నాయి, ఎవరికి సరిపోతాయి అన్నది చెప్తాను. దాంతోపాటు ఆ మాటల సంగతి కూడా చెప్పాలనిపించింది, ఎందుకంటే అవి విని వెళ్ళడం మానుకున్నవాళ్ళు మా పరిచయస్తుల్లోనే ఉన్నారు.

ముందు ఆ మాటలు ఎక్కడ పుట్టాయో చూడాలి. కమ్యూనిస్టు కాలంలో పోలండ్ పౌరుల పాస్‌పోర్టులు ఇంట్లో ఉండేవి కావు, ప్రభుత్వ కార్యాలయాల్లో ఉండేవి. కట్టడి సడలిన 1989 ప్రాంతంలో వేలమంది పశ్చిమ బెర్లిన్‌కి వచ్చి, పోట్స్‌డామర్ ప్లాట్స్ దగ్గరి ఖాళీ స్థలంలో వెన్న, సాసేజ్‌లు, గాజు సామాన్లు నేలమీద పరుచుకుని అమ్ముకున్నారు. జీతం డబ్బుకి విలువ లేని రోజుల్లో నాలుగు జర్మన్ మార్కులు దొరికితే ఇంటిల్లిపాదికీ ఆసరా. చూసిన బెర్లిన్ వాళ్ళకి మాత్రం మిగిలింది సంచులు మోసుకొచ్చే జనం అన్న బొమ్మ. 1990లలో కార్ల దొంగతనాల మీద జోకులు జర్మన్ టీవీలో మామూలైపోయాయి. ఇప్పటికీ మన పిల్లలకి అవే చేరుతున్నాయి.

2004 మే 1న పోలండ్ యూరోపియన్ యూనియన్‌లో చేరింది. బ్రిటన్, ఐర్లండ్, స్వీడన్ మొదటి రోజు నుంచే పని చేసుకోనిచ్చాయి. 2011 జనగణన నాటికి ఇంగ్లండ్, వేల్స్‌లలో ఇంగ్లిష్ తర్వాత ఎక్కువమంది తమ ప్రధాన భాషగా రాసింది పోలిష్‌నే, సుమారు 5,46,000 మంది. ఫ్రాన్సులో 2005లో యూరోపియన్ రాజ్యాంగం మీద రెఫరెండం వేళ 'పోలిష్ ప్లంబర్ వచ్చి మన పని లాక్కుంటాడు' అన్న భయాన్ని రాజకీయంగా బాగా వాడుకున్నారు. పోలండ్ పర్యాటక శాఖ దానికి ఇచ్చిన జవాబు నాకు ఇష్టం. అందమైన యువకుడికి ప్లంబర్ వేషం వేసి పోస్టర్ విడుదల చేసింది. 'నేను పోలండ్‌లోనే ఉంటున్నా, మీరే తరలి రండి' అని ఫ్రెంచిలో రాసింది. కోపం చూపకుండా అంత హుందాగా బదులివ్వడం అందరికీ చేతకాదు.

ఇక హుర్ఘాదా. పోలండ్ విమానాశ్రయాల నుంచి చార్టర్ విమానాలు చాలా ఉంటాయి. విమానం, హోటల్, మూడు పూటలా తిండి కలిపి జర్మనీ ధర కన్నా మాకు తక్కువ పడింది. విమానం నేలకి తాకగానే చప్పట్లు కొట్టారు. దీన్ని పోలిష్ వాళ్ళ నాగరికత లేనితనానికి గుర్తుగా చెప్పుకుంటారని తర్వాత తెలిసింది. పైలట్‌కి కృతజ్ఞత చెప్పడంలో తప్పేముందో నాకు ఇప్పటికీ అర్థం కాదు.

హోటల్ గది విశాలంగా, సముద్రం వైపు ఉంది. ఏసీ బాగా పనిచేసింది. శాకాహారులకి అన్నం, పప్పు కూరలు, ఫలాఫెల్ దొరికాయి. రెండో రోజుకే విసుగొచ్చింది కానీ ఆకలి మాత్రం కాలేదు. శుభ్రతలో లోటుంది: గది తుడిచేవాళ్ళు రాని రోజులున్నాయి, రిసెప్షన్‌లో రెండుసార్లు చెబితేగానీ తువ్వాళ్ళు మారలేదు. పోలిష్ కుటుంబాలదీ ఇదే ఫిర్యాదు. వాళ్ళు గొంతు పెంచకుండా, వరుసలో నిలబడి, వివరంగా చెప్పారు. పొద్దున్నే పడక కుర్చీల మీద తువ్వాలు వేసి ఆక్రమించే అలవాటు మాత్రం అన్ని దేశాల వాళ్ళదీ. అందులో జర్మన్లూ ఉన్నారు, మేమూ ఉన్నాం.

భోజనాల దగ్గర ఒకటి గమనించాను. పక్క బల్ల మీద కూర్చోబోయే పోలిష్ వాళ్ళు, మేమెవరో తెలియకపోయినా, 'స్మాచ్‌నెగో' అని మా తిండి మాకు రుచించాలని కోరి కూర్చునేవాళ్ళు. పిల్లలు కూడా. లిఫ్టులో ఎక్కినా దిగినా పలకరింపు ఉండేది. అదే మనుషులు ఫొటోకి తప్ప నవ్వరు. పలకరింపుకీ నవ్వుకీ వాళ్ళకి సంబంధం లేదు, అంతే.

చేదు సంగతీ దాచను. ఓ సాయంత్రం బార్ దగ్గర నలుగురైదుగురు మగవాళ్ళ గుంపు, పోలిష్ వాళ్ళే, బాగా తాగి వెయిటర్ కుర్రాడిని పేరు పెట్టి అరుస్తూ గ్లాసులు తెమ్మని గదమాయించారు. చూడ్డానికి బాధేసింది. ఆ కుర్రాడు నవ్వుతూనే పరుగులు పెట్టాడు. మా పక్కన కూర్చున్న పోలిష్ టీచరమ్మ లేచి వెళ్ళి వాళ్ళకేదో గట్టిగా చెప్పి, తిరిగొచ్చి మాకు క్షమాపణ చెప్పింది. ఆవిడ ముఖం ఎర్రబడిపోయింది. "మా యానుష్‌ల వల్ల మేమందరం తలదించుకోవాలి" అంది.

యానుష్ అనేది మధ్యవయసు మగవాళ్ళలో చాలామందికి ఉండే పేరు. దాన్ని పోలండ్ వాళ్ళే వెక్కిరింపు పేరుగా మార్చుకున్నారు. మీసం, చెప్పుల్లో సాక్సులు, చేతిలో బీరు, సూపర్‌మార్కెట్ ప్లాస్టిక్ సంచి, బఫే నుంచి గదికి మోసుకెళ్ళే బ్రెడ్డు ముక్కలు. అతని భార్యకి గ్రజీనా అని పేరు. పోలిష్ వాళ్ళ గురించి నేను విన్న మాటల్లో సగం ఈ బొమ్మలోవే, గీసింది పోలిష్ వాళ్ళే. నగరంలో చదువుకున్నవాళ్ళు, చిన్న ఊళ్ళ నుంచి తొలిసారి విమానమెక్కినవాళ్ళని చూసి నవ్వుకోవడం ఇది. గ్లాసు కోసం వెయిటర్‌ని అరవడం తప్పు. సాక్సులతో చెప్పులు వేసుకోవడం తప్పు కాదు. ఈ రెంటినీ ఒకే మూటకట్టి 'మర్యాద తెలియదు' అనడం నాకు అన్యాయంగా అనిపిస్తుంది. విదేశంలో పోలిష్ మాట వినబడితే తను గొంతు తగ్గించేస్తానని ఆ టీచరమ్మే చెప్పింది. దుబాయ్ ఎయిర్‌పోర్టులో తెలుగు వినబడగానే ఇంగ్లిష్‌లోకి మారిపోయే మనవాళ్ళు గుర్తొచ్చారు.

బజారులో ఈజిప్టు దుకాణదారులు పోలిష్‌లోనే పిలుస్తారు. 'బియెద్రోన్కా కన్నా చవక' అంటారు. బియెద్రోన్కా అంటే పోలండ్‌లో ఊరూరా ఉండే కిరాణా గొలుసు. ఆ పిలుపుకి పోలిష్ వాళ్ళు నిజంగా నవ్వుతారు, బేరమూ బాగానే ఆడతారు.

క్రాకోవ్‌లో బస కజిమియెజ్ పేటలో, పాత భవనం మూడో అంతస్తు. లిఫ్టు లేదు, అమ్మ మోకాళ్ళకి కష్టమైంది. పెద్దవాళ్ళతో వెళ్ళేవాళ్ళు ముందే అడిగి తీసుకోండి. గది శుభ్రం, వంటగది ఉంది, ట్రామ్ రెండు నిమిషాల నడక. ట్రామ్‌లో మా అమ్మ ఎక్కగానే లేవని కుర్రాడు లేడు. బెర్లిన్‌లో అలా జరగడం మేం చూడలేదు. టికెట్ కొంటే సరిపోదు, ఎక్కగానే పసుపు డబ్బాలో పెట్టి ముద్ర వేయించుకోవాలి. తనిఖీవాళ్ళు మామూలు బట్టల్లో వస్తారు.

తిండికి మిల్క్ బార్‌లు, అంటే చవక భోజనశాలలు, వెతుక్కోండి. కౌంటర్లో డబ్బు కట్టి చీటీ తీసుకోవాలి, కిటికీ దగ్గర ఇస్తే ప్లేటు వస్తుంది, తిన్నాక ఎంగిలి ప్లేటు మనమే తీసుకెళ్ళి మరో కిటికీలో పెట్టాలి. కౌంటర్లో పెద్దావిడకి ఇంగ్లిష్ రాదు, నవ్వదు, వెనకాల వరుస పెరుగుతుంటే వేళ్ళతో బల్ల మీద తడుతుంది. "బాబూ, ఈవిడకి మనమీద కోపమా?" అని అమ్మ అడిగింది. కోపం కాదు. బంగాళదుంప, పనీర్ లాంటి చీజ్ కూరిన రుస్కి పియెరోగి (ఉడికించిన కజ్జికాయల్లాంటివి) మేం అడిగితే, మాంసం తినమని ఎలా గ్రహించిందో, పైన చల్లే పంది కొవ్వు ముక్కల గిన్నె చూపించి 'వద్దు కదా' అన్నట్టు చేయి ఊపింది. వద్దనకపోతే ఆ ముక్కలు చల్లేస్తారు, శాకాహారులు గుర్తుంచుకోండి. జూరెక్ అనే పుల్లటి సూపులో సాసేజ్ ఉంటుంది. బార్ష్చ్ అనే బీట్‌రూట్ సూపు కొన్నిచోట్ల మాంసం నీళ్ళతో కాస్తారు.

రెస్టారెంట్లలో ఒక జాగ్రత్త. బిల్లుకి నోటు ఇస్తూ 'జెంకుయె', అంటే థాంక్స్, అన్నామంటే చిల్లర ఉంచుకోమని అర్థం. చిల్లర కావాలంటే అది చేతికొచ్చాకే థాంక్స్ చెప్పాలి. ఇది తెలియని విదేశీయులు మోసపోయామని ఊరంతా చెప్పుకుంటారు.

తాగుబోతుల గోల సంగతికొస్తే, క్రాకోవ్ రాత్రుల్లో మా నిద్ర చెడగొట్టింది పెళ్ళికి ముందు స్నేహితులతో కలిసి తాగడానికి వచ్చిన బ్రిటిష్ పెళ్ళికొడుకుల గుంపులు. చవక బీరు, చవక విమానం వాళ్ళని రప్పిస్తాయి. పోలండ్‌లో వీధిలో తాగితే జరిమానా. 2023 జులై నుంచి క్రాకోవ్ నగరం అర్ధరాత్రి నుంచి తెల్లవారుజాము 5:30 వరకు దుకాణాల్లో మద్యం అమ్మకం ఆపేసింది. తాగి గోల చేసే పోలిష్ వాళ్ళ గురించి లండన్‌లో చెప్పుకుంటారు, తాగి గోల చేసే లండన్ వాళ్ళ గురించి క్రాకోవ్‌లో చెప్పుకుంటారు.

జకోపానేలో బస మా ప్రయాణం మొత్తంలో ఉత్తమం. ఊరి చివర కొండప్రాంతపు కుటుంబం వాళ్ళ చెక్క ఇల్లు, పై అంతస్తులో రెండు గదులు అద్దెకిస్తారు. ఇంటావిడ గుమ్మంలోనే మా బూట్లు చూపించి, ఇంటి చెప్పుల బుట్ట ముందుకి తోసింది. గుమ్మం అవతల నుంచి మా నాన్న చేయి చాపితే కలపలేదు, లోపలికి రమ్మని, వచ్చాకే కలిపింది. గడపకి అటూ ఇటూ నిలబడి చేతులు కలిపితే అరిష్టమట. అమ్మకి ఆవిడ వెంటనే నచ్చేసింది. రాత్రి చలికి అమ్మ దగ్గుతుంటే, అడగకుండానే రాస్‌బెర్రీ రసం కలిపిన టీ కప్పు తెచ్చి 'తాగు, తాగు' అని ఎదురుగా నిలబడింది. ముఖంలో నవ్వు లేదు. కప్పు ఖాళీ అయ్యేదాకా కదల్లేదు.

ఇక్కడే నాకు అసలు చిక్కు అర్థమైంది. పోలండ్‌లో పుట్టి ఆస్ట్రేలియాలో స్థిరపడిన భాషాశాస్త్రవేత్త అన్నా వియెజ్‌బీత్స్కా 1985లోనే దీన్ని వివరించారు: ఇంగ్లిష్‌లో ప్రశ్నగా అడగాల్సినదాన్ని పోలిష్‌లో నేరుగా 'చెయ్యి' అనడం మామూలే, పెట్టేటప్పుడు అందులో ఆప్యాయత ఉంటుంది. గౌరవం వాళ్ళు వేరేచోట చూపిస్తారు. పరాయివాళ్ళని 'నువ్వు' అనరు, 'అమ్మగారు ఏం తీసుకుంటారు?' అన్నట్టే అడుగుతారు. మనకిది కొత్తా? ఇంగ్లిష్‌లోకి దిగేసరికి ఆ గౌరవం రాలిపోయి, ఆజ్ఞ ఒక్కటే మిగులుతుంది. లండన్ హోటల్లో పోలిష్ అతను కాఫీ అడిగిన తీరు మొరటుగా వినిపించేది అందుకే. మన పెద్దవాళ్ళ ఇంగ్లిష్ కూడా అలాగే వినిపిస్తుంది.

క్రుపూవ్కి బజారు వీధి నాకు నచ్చలేదు. జనం, పాటల హోరు, రెట్టింపు ధరలు. ఓస్త్సీపెక్ అనే పొగబెట్టిన గొర్రె పాల చీజ్ మాత్రం వేడిగా కాల్చింది తినండి. మోర్‌స్కియె ఓకో సరస్సుకి తారు దారిలో ఒకవైపు సుమారు 9 కిలోమీటర్లు నడక. మేం వెళ్ళినప్పుడు గుర్రబ్బండ్లు చాలా దూరం తీసుకెళ్ళేవి కానీ ఆ ఎక్కుడులో గుర్రాల అవస్థ చూడలేక మేం ఎక్కలేదు. నాన్న సగం దూరం వచ్చి వాగు దగ్గర కూర్చున్నారు. దారిలో ఎదురైన ప్రతివాళ్ళూ 'చెష్ఛ్' అనో 'జెన్ దోబ్రి' అనో పలకరించారు, అది కొండదారుల ఆచారం. పోలండ్ వైపు కొండల్లో ప్రమాదం జరిగితే కాపాడే దళం డబ్బు తీసుకోదు. సరిహద్దు దాటి స్లొవేకియా వైపు వెళ్తే అక్కడి దళం తీసుకుంటుంది, బీమా ఉండాలి.

సోపోట్‌లో సముద్రంలోకి సాగే 511 మీటర్ల చెక్క వంతెన మీద నడక హాయి. బీచిలో అడ్డుతెరలు పాతి స్థలం కట్టేసుకునే అలవాటును పోలిష్ వాళ్ళే తిట్టుకుంటారు. బాల్టిక్ గాలికి అరగంట కూర్చుంటే ఆ తెరలు ఎందుకో తెలుస్తుంది. హోటల్ మాత్రం ధరకి తగ్గట్టు లేదు, అల్పాహారం చప్పన, గది ఇరుకు.

పెద్దవాళ్ళుంటే జకోపానే ఇంటి గది, సెప్టెంబరులో. హుర్ఘాదా చిన్నపిల్లలున్నవాళ్ళకి, సోపోట్ పగటిపూట చూసి వచ్చేయడానికి చాలు. కారు తీసుకెళ్ళండి, మాది క్షేమంగానే తిరిగొచ్చింది. మోర్‌స్కియె ఓకో పార్కింగ్ మాత్రం ముందే ఆన్‌లైన్‌లో కొనుక్కోవాలి. 2018 నుంచి ఆదివారాలు చాలావరకు పెద్ద దుకాణాలు మూసేస్తున్నారు. జాబ్కా లాంటి చిన్న కొట్లు తెరిచి ఉంటాయి కానీ బియ్యం, కూరగాయలు కావాలంటే శనివారం సాయంత్రమే తెచ్చి పెట్టుకోండి.