కత్తీ మంత్రం కథకి ఏది మేలు: మాలీనా, దహోమేనా, కుష్‌నా?

ఆఫ్రికా చరిత్ర, పురాణాల మీద స్వార్డ్ అండ్ సార్సరీ కథ రాద్దామనుకునేవాళ్లు ముందు తేల్చుకోవాల్సింది ఒకటుంది, ఏ ఆఫ్రికా అని. ఖండం మొత్తాన్ని ఒకే అడవి, ఒకే డప్పు, ఒకే మంత్రగాడు అన్నట్టు చూపించిన పాత అడ్వెంచర్ కథలు ఇప్పటికే బోలెడున్నాయి, ఇంకోటి అక్కర్లేదు. ఈ రకం కథలకి స్వార్డ్ అండ్ సోల్ అని పేరు పెట్టిన చార్లెస్ సాండర్స్ అమెరికాలో పుట్టి కెనడాలో స్థిరపడ్డాయన, ఆయన ఇమారో 1981లో పుస్తకంగా వచ్చింది, కవర్ మీద నల్ల టార్జాన్ అని వెయ్యబోతే టార్జాన్ హక్కులున్నవాళ్లు అడ్డం పడి పుస్తకం లేటయింది కూడా. ఆఫ్రికా హీరోని ఆఫ్రికాలోనే పెట్టి రాస్తే అక్కడా టార్జానేనా!

సరే, కొలబద్ద ఏంటంటే, ఈ కథల్లో హీరో లోకాన్ని కాపాడడు, తన కక్ష తీర్చుకోడానికో తన ప్రాణం నిలుపుకోడానికో తిరుగుతుంటాడు. మంత్రం ఊరికే రాదు, ఎవరో ఒకరు దానికి మూల్యం కట్టాలి. పోరాటం దగ్గరగా, కత్తి పొడవంత దూరంలో జరగాలి. ఈ మూడూ పట్టుకుని చూద్దాం.

దహోమే నుంచి మొదలెడదాం, ఎందుకంటే అందరికీ ముందు గుర్తొచ్చేది అదే. ఇప్పటి బెనిన్ దేశంలో అబోమే రాజధానిగా ఉన్న రాజ్యం, ఆడవాళ్ల సైన్యం, ముళ్లకంప మీద పాక్కుంటూ వెళ్లే ట్రైనింగ్, ఏనుగుల్ని వేటాడే ఆడ వేటగాళ్లు. పాత్రల కోసం వెతుక్కోనక్కర్లేదు. దేవతలూ అంతే, జంటగా ఉండే మావు-లిసా, ఇనుముకీ యుద్ధానికీ దేవుడైన గూ, భవిష్యత్తు చెప్పే ఫా. కానీ రెండు చిక్కులు. ఒకటి తుపాకీ. ఈ సైన్యానికి బాగా పేరొచ్చింది 19వ శతాబ్దంలో, గెజో రాజు కాలం, అప్పటికే వాళ్ల చేతుల్లో మస్కెట్లున్నాయి, 1851లో అబెయోకుటా (ఇప్పటి నైజీరియాలోని ఊరు) మీద దాడి చేసి ఓడిపోయింది కూడా తుపాకుల యుద్ధంలోనే. పొగా మందూ వచ్చాక కత్తి కథ పలచబడిపోతుంది. రెండోది ఇంకా బరువైంది, ఆ రాజ్యం యుద్ధాల్లో పట్టుకున్న మనుషుల్ని ఉయిదా రేవు నుంచి బానిసలుగా అమ్మింది. ఇది దాచేసి వీర వనితల కథ రాస్తే అబద్ధం, దాచకుండా రాస్తే అది నవల అవుతుంది, మంచి నవలే అవుతుంది, కానీ ఇరవై పేజీల్లో తేలే సంగతి కాదు. సాండర్స్ దొస్సూయే అనే పాత్రని ఈ అబోమే నుంచే తీసుకున్నాడు, అయితే ఆమెని సైన్యం నుంచి బయటికి తెచ్చి యుద్ధ వృషభమెక్కించి ఒంటరిగా తిప్పాడు. తెలివైన పనే, రాజ్యం చేసిన పాపాల లెక్క ప్రతి పేజీలో చెప్పాల్సిన పని తప్పింది.

కుష్ వేరే తరహా. సూడాన్‌లో నైలు పక్కన మెరోయే, పిరమిడ్లు, పక్కనే ఇనుము కరిగించిన చిట్టెం గుట్టలు. క్రీస్తుపూర్వం 25 ప్రాంతంలో కుష్ సైన్యం రోమన్ల చేతిలో ఉన్న అస్వాన్ మీద పడి అగస్టస్ విగ్రహాలు ఎత్తుకెళ్లింది, వాటిల్లో ఒకదాని తల 1910లో మెరోయేలో ఒక గుడి మెట్ల కింద దొరికింది, అంటే ఆ గుళ్లోకి వెళ్లినవాళ్లంతా రోమ్ చక్రవర్తి తల తొక్కుకుంటూ వెళ్లారన్నమాట. అప్పటి రాణికి ఒక కన్ను లేదని గ్రీకు రచయిత స్ట్రాబో రాశాడు. నఖా అనే చోట సింహం తల, పాము ఒళ్లుతో తామరపువ్వులోంచి లేస్తున్న అపెదెమాక్ దేవుడి శిల్పం ఉంది, ఇంతకన్నా రెడీమేడ్ రాక్షస దైవం దొరకదు. ఇంకో లాభం, మెరోయే లిపిని పలకడం వచ్చింది గానీ ఆ భాష ఇప్పటికీ చాలావరకు అర్థం కాలేదు, కాబట్టి శాపమైనా మంత్రమైనా మీరు కల్పించుకోవచ్చు. నష్టమూ అక్కడే, వాళ్ల నోటి కథలు మనదాకా రాలేదు, సెట్టింగ్ అద్భుతంగా ఉంటుంది గానీ మనుషులు ఎలా తిట్టుకున్నారో ఎలా నవ్వుకున్నారో మొత్తం మీరే ఊహించాలి. ఊహ గట్టిదైతే కుష్, లేకపోతే బొమ్మలా మిగిలిపోతుంది.

మాలీ దగ్గర ఆ కొరత అస్సలు లేదు. 13వ శతాబ్దం, సోసో రాజు సుమావోరో కాంతే, కమ్మరి, మహా మాంత్రికుడు, కత్తీ బాణమూ దిగవు ఒంట్లోకి. ఒక కథనంలో అతని రహస్య గదిలో తొమ్మిదిమంది రాజుల పుర్రెలు, జాడీలో కొండచిలువ, గుడ్లగూబలు, మధ్యలో ఒక బలాఫోన్, అంటే చెక్క పలకల మీద కొట్టి వాయించే వాద్యం. శత్రువు గాయకుడొకడు చాటుగా దూరి దాన్ని వాయిస్తే ఎక్కడో ఉన్న సుమావోరోకి తెలిసిపోయి వచ్చేస్తాడు, గాయకుడు అప్పటికప్పుడు అతన్నే పొగుడుతూ పాట కట్టి ప్రాణం దక్కించుకుంటాడు! సుమావోరో చావు రహస్యం తెల్ల కోడిపుంజు కాలి ముల్లు, అతన్ని ఓడించి మాలీ సామ్రాజ్యం స్థాపించిన సుంజాతా సోదరి దాన్ని రాబట్టింది, ఆ ముల్లున్న బాణంతో 1235 ప్రాంతంలో కిరీనా యుద్ధంలో అతని శక్తి పోయింది. మాయల ఫకీరు ప్రాణం చిలకలో ఉందని బాలనాగమ్మ కథ విని పెరిగిన మనకి ఇది చెప్పగానే ఎక్కేస్తుంది.

ఇక్కడ చాలామంది సుంజాతాని హీరోగా పట్టుకుంటారు, నా ఉద్దేశంలో వద్దు. నడవలేని పిల్లాడు ఇనప కడ్డీ పట్టుకుని లేచి నిలబడడం గొప్ప ఘట్టమే గానీ అతను పుట్టకముందే రాజవుతాడని జోస్యం ఉంది, ముందే గెలిచేసినవాడి మీద మనకి భయమేముంటుంది? మన హీరో ఫకోలీ. సుమావోరో మేనల్లుడు, పెద్ద తల, పెద్ద నోరు, అతని భార్య కెలేయా మేనమామ పెళ్లాలంతా కలిసి వండేదానికన్నా బాగా వండిందని ఆ మేనమామే ఆమెని లాక్కుంటాడు, దాంతో ఇతను పక్షం మార్చేస్తాడు. ఇంకో గాయకుడి కథనంలో ఫకోలీ తల్లి తన అన్నకి ఆ బలాఫోన్ దక్కడం కోసం తనని తాను జిన్నుకి అప్పగించుకుంటుంది. అంటే ఆ వాద్యం మోగినప్పుడల్లా ఫకోలీకి వినపడేది తన తల్లి ప్రాణం. మంత్రానికి మూల్యం అని పైన అన్నానే, ఇదే, కల్పించాల్సిన పనే లేదు.

మాలీతో ఉన్న రిస్క్ ఏంటంటే ఇది బతికున్న కథ. గ్రియోలు, అంటే తరతరాలుగా ఈ కథలు పాడే గాయకులు, ఇప్పటికీ పాడుతున్నారు, ఆ బలాఫోనే అని నమ్మే సోసో-బాలా గినీలోని నియాగసోలా ఊళ్లో ఒక గాయక కుటుంబం కాపలాలో ఉంది, 2001లో యునెస్కో గుర్తింపు కూడా ఇచ్చింది. కెయితా, కాంతే ఇంటిపేర్లవాళ్లు ఇంకా ఉన్నారు, వాళ్ల తాతని జోకర్ విలన్ చేస్తే ఊరుకోరు, ఊరుకోకూడదు కూడా. పేర్లు, రాజ్యం మార్చేసి కమ్మరి, మేనల్లుడు, వాద్యం అనే ముక్క మాత్రం ఉంచుకోండి, చిన్న కథకి అది చాలు. నవల రాసే ఓపికుంటే దహోమే ఎంచుకోండి, అప్పుడు ఉయిదా రేవు నుంచే మొదలెట్టండి.