ప్యానెల్ దగ్గరున్న మనిషి మాటే చెల్లాలి: డ్రయ్యర్ కంట్రోలర్‌తో మూడు దాళ్వాలు

మండపేట దగ్గర ఉప్పుడు బియ్యం మిల్లులో డ్రయ్యర్ల షిఫ్ట్ చూస్తాను. ఈ టెంపరేచర్ కంట్రోలర్ బిగించి మూడు దాళ్వాలు, అంటే మూడు రబీ పంటలైంది. రీడింగ్ బాగుంటుంది, అందులో చెప్పేదేమీ లేదు. నాకు ముఖ్యమైంది ఒక్కటే, అది ఎవరి మాట వింటుంది అన్నది.

మొదటి ఏడాది కనపడ్డవాళ్లందరికీ దీని గురించి గొప్పగా చెప్పాను. ఆపరేటర్‌కి ఒక పాస్‌వర్డ్, నాకు ఒకటి, బిగించిన ఇంజనీర్‌కి ఒకటి. ఇక ఎవరు పడితే వాళ్లు సెట్ పాయింట్, అంటే గాలి ఎంత వేడి ఉండాలో పెట్టే అంకె, ముట్టుకోరని ధైర్యంగా ఉన్నాను.

రెండో దాళ్వాలో ఒక రాత్రి బొండాల రకం ధాన్యం డ్రయ్యర్‌లోకి ఎక్కించాం. ఆవిరి పట్టిన ధాన్యంలో తేమ 35 శాతం దాకా ఉంటుంది కాబట్టి మొదట్లో వేడి గాలి 95 డిగ్రీలున్నా ఇబ్బంది లేదు. తేమ 17, 18కి దిగాక మాత్రం 75 లోపుకి తగ్గించాలి, లేదంటే గింజ చిట్లి మరలో నూకవుతుంది. రెండింటికి కుర్రాడు ఫోన్ చేశాడు. "బాబాయ్, పాస్‌వర్డ్ తీసుకుంటంది గానీ అంకె కదలట్లేదు!"

పరుగెత్తుకెళ్లి చూస్తే రిమోట్ లైటు వెలుగుతోంది. సాయంత్రం ఆఫీసులో ఎవరో గ్రాఫ్ చూద్దామని కంప్యూటర్ తెరిచి, కంట్రోల్ అటు తీసుకున్నారు. తర్వాత గాలివానకి కరెంటు పోయింది, కంప్యూటర్ ఆగిపోయింది. జనరేటర్ మీద కంట్రోలర్ మళ్లీ లేచింది గానీ రిమోట్‌లోనే లేచింది. ఆగిపోయిన కంప్యూటర్ మాట కోసం చూస్తూ, ఎదురుగా నిలబడ్డ మమ్మల్ని పట్టించుకోలేదు. లోకల్‌కి, అంటే ప్యానెల్ చేతికి, తిప్పుదామంటే అది ఇంజనీర్ పాస్‌వర్డ్‌తోనే అవుతుంది, అది మా దగ్గర లేదు. చివరికి ఆవిరి లైను వాల్వు చేత్తో తిప్పి, తెల్లవారే దాకా థర్మామీటర్ చూసుకుంటూ నడిపాం. అప్పటికే ఆలస్యమైంది. ఆ లోడులో వచ్చిన నూక చూస్తే కడుపు తరుక్కుపోయింది.

పాస్‌వర్డ్ ఉన్నంత మాత్రాన పెత్తనం ఉన్నట్టు కాదని అప్పుడు తెలిసింది. మార్చే అర్హత ఎవరికుందో చెప్పేది పాస్‌వర్డ్. ఆ సమయానికి ఎటునుంచి వచ్చిన ఆదేశం చెల్లుతుందో తేల్చేది లోకల్, రిమోట్ సెట్టింగు. సర్వీసుకి వచ్చినాయన రెండు మార్పులు చేశాడు. ప్యానెల్ మీద కీ నొక్కితే కంట్రోల్ వెంటనే అక్కడికే వస్తుంది. కంప్యూటర్ నుంచి 60 సెకన్లు కబురు రాకపోతే కంట్రోలరే లోకల్‌కి మారుతుంది. ఈ రెండూ మొదటి నుంచీ మెనూలో ఉన్నవే! అప్పటి నుంచి ఈ దాళ్వా దాకా, గాలివానలొచ్చినా నాకు టెన్షన్ లేదు. ఈ ఒక్క సదుపాయం కోసమైనా మళ్లీ ఇదే కొంటాను.

పాస్‌వర్డ్‌ల మీద నా పాత పొగడ్త మాత్రం కొంత వెనక్కి తీసుకోవాలి. ఆపరేటర్‌ది ప్యానెల్ తలుపు లోపల సుద్దతో రాసి కనిపించింది. మార్పుల చిట్టాలో 'ఆపరేటర్' అని పడుతుందే తప్ప ఏ మనిషో తెలియదు. అందుకే ఆ స్థాయిలో సెట్ పాయింట్ 60, 100 మధ్యే కదిలేలా హద్దు పెట్టించాను.

మా డ్రయ్యర్ల దగ్గర రాత్రీ పగలూ మనిషి ఉంటాడు కాబట్టి ప్యానెల్‌కే మొదటి మాట ఇవ్వడం మాకు నప్పింది. అంతా ఆఫీసు గదిలోంచే నడిపే మిల్లులో ఇది నప్పకపోవచ్చు, వాళ్లు ఆలోచించి పెట్టుకోవాలి. ఎవరు కొన్నా ఇంజనీర్ పాస్‌వర్డ్ కాగితం మీద రాయించుకుని చేతికి తీసుకున్నాకే ఆఖరి బిల్లు కట్టండి.