కొలను గట్టు మీద పచ్చిక, కొలను అడుగున ఇసుక

మా పెరట్లో ఈతకొలను చుట్టూ కృత్రిమ పచ్చిక వేయించి నాలుగేళ్లు నిండాయి. దాని గురించి ఎవరు అడిగినా నేను మొదట ఎత్తేది ఇసుక మాట. పోగులు వాలిపోకుండా నిలబడడానికి వాటి మధ్య పోసే సన్న ఇసుక. వేయించుకునే రోజుల్లో నా ప్రశ్నలన్నీ పోగు ఎత్తు చుట్టూ, రంగు చుట్టూ, ఎన్నేళ్లు మన్నుతుందన్న లెక్క చుట్టూ తిరిగాయి. చదరపు మీటరుకు 6 కిలోల ఇసుక పోస్తామంటే సరేనన్నాను. ఆ ఇసుకకూ నీటికీ మధ్య ఉండేది ఒక్క వరస గట్టు రాయేనని నాకు తట్టలేదు.

మొదటి ఏడాది ఎంతో సంతోషంగా గడిచింది. అంతకుముందు అక్కడ మామూలు గడ్డి ఉండేది. కోసిన ప్రతిసారీ తునకలు నీటి మీద తేలి, పైన తేలే చెత్తను పట్టే స్కిమ్మర్ బుట్ట నిండేది. పిల్లలు తడికాళ్లతో మట్టి తొక్కి మళ్లీ దూకితే మెట్ల మీదంతా బురదే. పచ్చిక పరిచాక ఆ రెండు బాధలూ ఒక్కసారిగా తీరిపోయాయి. ఆ ఉత్సాహంలో ఇద్దరు బంధువుల చేత కూడా వేయించాను.

రెండో వేసవిలో ఒక రోజు కొలను మెట్టు మీద కాలు పెడితే గరగరమంది. చేత్తో తడిమితే ఇసుక. వాక్యూమ్ గొట్టంతో లాగేశాను. నాలుగు రోజులకు మళ్లీ చేరింది. కొలను నీటిని ఇసుక గుండా పంపి శుద్ధి చేసే ఇసుక ఫిల్టర్ ఉన్నవారికి ఎవరికైనా మొదట వచ్చే అనుమానమే నాకూ వచ్చింది. ఆ ఫిల్టర్ అడుగున సన్నని చీలికలున్న గొట్టాలు ఉంటాయి. వాటిలో ఒకటి పగిలినా ఫిల్టర్‌లోని ఇసుక శుద్ధమైన నీటితో పాటే కొలనులోకి వచ్చేస్తుంది. ఇక ఆలోచించకుండా ఫిల్టర్ విప్పాను. 100 కిలోలకు పైగా తడి ఇసుకను డబ్బాతో తోడి బయట పోశాను. నడుము పట్టేసింది. గొట్టాలను ఒక్కొక్కటిగా కడిగి వెలుతురులో తిప్పి చూస్తే ఒక్కదానికీ పగులు లేదు. కొత్త ఇసుక నింపి మూత బిగించేసరికి రెండు రోజులు పట్టింది. వారం తిరక్కుండానే మెట్ల మీద మళ్లీ గరగర.

అసలు సంగతిని మా పెద్దమ్మాయి పట్టుకుంది. "నాన్నా, మేం దూకే వైపే ఇసుక ఉంటోంది, అటు పక్క లేదు చూడు" అంది. నిజమే. ఫిల్టర్ నుంచి వచ్చేదయితే నీరు లోపలికి వచ్చే రంధ్రాల ఎదుట పేరుకోవాలి. అక్కడ శుభ్రంగా ఉంది. ఒక సాయంత్రం అడుగంతా శుభ్రం చేసి, పంపు ఆపేసి, పిల్లలను కాసేపు దూకనిచ్చాను. నీరు తేరుకున్నాక చూస్తే గట్టు పొడవునా తెల్లని గీతలా ఇసుక కనిపించింది. పంపు ఆగి ఉంటే ఫిల్టర్ ఇసుక రావడానికి దారే లేదు.

మర్నాడు గట్టు దగ్గర పచ్చిక మీద బకెట్ నీళ్లు కుమ్మరించాను. సగం కిందికి ఇంకాయి, మిగిలిన సగం వెనక్కి తిరిగి గట్టు రాళ్ల మీదుగా కొలనులోకే జారాయి. కింద పరిచిన కంకరకు వాలు అసలు లేదు. పచ్చిక గట్టుతో సరిసమానంగా ఉంది. పిల్లలు దూకినప్పుడల్లా లేచిన అల గట్టు దాటి, తిరిగి వస్తూ ఇసుకను వెంట తెస్తోంది. పచ్చిక వేసినవారిని పిలిస్తే, ఇసుక కొంత కదలడం మామూలేనని చెప్పి, తగ్గిన చోట పోయడానికి ఇంకో బస్తా తెచ్చారు. ఆ మాట నన్ను ఈనాటికీ బాధపెడుతుంది. నీటి పక్కన పని చేసేవారు నీరు ఎటు పోతుందో చూసుకోవద్దా?

చివరికి వేరే పనివాళ్లను పెట్టి, పిల్లలు దూకే వైపు మీటరు వెడల్పున పచ్చికను లేపించాను. కంకరను కొంత తీయించి, కొలనుకు ఎదురు దిశలో మీటరుకు ఒకటిన్నర సెంటీమీటర్ల వాలు ఇప్పించాను. పచ్చిక ఇప్పుడు గట్టు కన్నా వేలెడు కిందికి ఉంటుంది. గట్టు వెంబడి మూరెడు వెడల్పున, పచ్చిక బాగా ఎండాక, బ్రష్షుతో రేపి వాక్యూమ్‌తో ఇసుకంతా లాగించి, అంచును జిగురుతో పూర్తిగా అతికించాము. దానితో ఇసుక ఆగింది. పూర్తిగా అనను. పెద్ద వాన తర్వాత చిటికెడు కనిపిస్తుంది.

దీనికీ ఒక మూల్యం ఉంది. ఇసుక తీసేసిన పట్టీలో పోగులు వాలిపోతున్నాయి, వారానికోసారి గట్టి బ్రష్షుతో ఎదురు దువ్వాలి. గడ్డి కోసే శ్రమ తప్పిందని మొదట్లో అందరికీ చెప్పేవాణ్ని. తప్పింది, కానీ ఆ సమయంలో కొంత దువ్వడానికే పోతోంది. తునకలు తేలవన్న మాట కూడా కొంచెం సవరించుకోవాలి, అంచుల్లో ఊడిన ప్లాస్టిక్ పోగులు అప్పుడప్పుడు స్కిమ్మర్‌లో దొరుకుతాయి. ఎండలో ఈ పచ్చిక కాలే సంగతి తెలిసిందే. ఒక మధ్యాహ్నం దాని మీద వేడి కొలిస్తే 61 డిగ్రీలు చూపింది. నీళ్లు చల్లితే దిగుతుంది, అరగంట కూడా నిలవదు. మాకు మధ్యాహ్నం దాకా చెట్టు నీడ ఉంటుంది కాబట్టి సరిపోతోంది. క్లోరిన్ నీళ్లు చిందినందుకు రంగు వెలిసిందని మాత్రం చెప్పలేను, అలాంటిదేమీ నాకు కనిపించలేదు.

మళ్లీ వేయించుకుంటారా అంటే, మా ఇంట్లో అయితే అవుననే అంటాను. పిల్లలు మోకాళ్లు చీరుకోకుండా ఆడుకుంటున్నారు, మెట్ల మీద బురద లేదు. నెమ్మదిగా ఈదే పెద్దవాళ్లే ఉండి, గట్టు కాస్త ఎత్తుగా ఉన్న ఇంట్లో ఈ ఇసుక బాధ అసలు రాకపోవచ్చు. నీడ లేని పెరడయితే నేను సలహా ఇవ్వలేను. వేయించేవారు మాత్రం, కంకర దిమ్మిస కొట్టాక, పచ్చిక పరచకముందే, గట్టు పక్కన ఒక బకెట్ నీళ్లు కుమ్మరించి చూడండి. మా ఇద్దరు బంధువులకూ ఇదే చెప్పాను. ఒకరి ఇంట్లో నీరు కొలను వైపే వస్తోంది, వచ్చే వారం అక్కడ పచ్చిక లేపుతున్నారు, నేనూ వెళుతున్నాను.