ఒమాహా పోకర్ క్లాస్: నేర్పడం సూపర్, క్లాస్ అవ్వగానే మాత్రం లేచి వచ్చేయండి

డాలస్‌కి ఉత్తరం వైపు ఒక కార్డ్ క్లబ్బులో ఆదివారం మధ్యాహ్నం ఒమాహా నేర్పిస్తున్నారు, అదే పాట్ లిమిట్ ఒమాహా, ఆడేవాళ్లంతా పీఎల్ఓ అంటారు. హోల్డెమ్ (చేతికి రెండే ముక్కలు పంచే మామూలు పోకర్) వచ్చి ఇది రాని వాళ్ల కోసం పెట్టిన క్లాస్, అసలు పోకరే తెలీకుండా వెళ్తే తల తిరుగుతుంది. నేను 4 స్టార్లు ఇస్తున్నా, అయిదోది ఎందుకు కోశానో కింద చెప్తా.

ముందు డబ్బుల సంగతి. టెక్సాస్‌లో వేగాస్ టైపు క్యాసినోలు లేవు కదా, ఇక్కడి చట్టం ప్రకారం ఆటలో గెలిచినవాళ్లు తప్ప ఇంకెవరూ లాభం తీసుకోకూడదు, అందుకని క్లబ్బులు పాట్‌లోంచి (ఆటలో అందరూ వేసిన డబ్బులోంచి) కమీషన్ కొట్టకుండా మెంబర్‌షిప్ అని, కూర్చున్న గంటకి ఇంత అని వసూలు చేస్తాయి. దీని మీద డాలస్ సిటీకీ క్లబ్బులకీ కోర్టు గొడవలు కూడా నడిచాయి. క్లాస్ ఫ్రీ, మెంబర్‌షిప్ ఉంటే చాలు.

ఇక నేర్పే విధానం, అది మాత్రం నిజంగా బాగుంది. చేతికి నాలుగు ముక్కలు పంచుతారు, బోర్డు మీద, అంటే టేబుల్ మధ్యలో అందరికీ ఉమ్మడిగా, మామూలుగానే ఐదు, ముందు మూడు, తర్వాత ఒకటి, ఆఖర్న ఒకటి. చేతిలోంచి ఖచ్చితంగా రెండు, బోర్డు నుంచి ఖచ్చితంగా మూడు వాడాలి, ఎక్కువా తక్కువా కుదరదు. వినడానికి ఇంతే. కానీ చేతిలో రెండ్రెండు చొప్పున ఆరు జతలు, బోర్డు మీద మూడేసి చొప్పున పది రకాలు, మొత్తం 60 చూసుకోవాలి, హోల్డెమ్ కళ్లతో చూస్తే ఏదో ఒకటి మిస్సవుతాం. అందుకే ముక్కలు పంచి నేర్పే డీలరమ్మ మొదటి అరగంట బెట్టింగే పెట్టదు, అందరి ముక్కలూ తెరిచి పెట్టించి ఎవరు గెలిచారో మననే చెప్పమంటుంది.

నా పక్కన నెల్లూరు అన్న ఒకాయన కూర్చున్నాడు, ఇండియాలో రమ్మీలో చెయ్యి తిరిగిన మనిషి. ఆయన చేతిలో ఆఠీన్ ఏసు, ఇస్పేట్ రాణి, రెండు పదులు (ఒకటి ఇస్పేట్, ఒకటి కళావర్). బోర్డు మీద ఆఠీన్ రాజు, ఆఠీన్ తొమ్మిది, ఇస్పేట్ జాకీ, తర్వాత ఆఠీన్ రెండు, చివర్లో ఆఠీన్ ఆరు. "ఏసు నా దగ్గరుంది తమ్ముడూ, ఇంకేంది, ఫ్లష్షే కదా" అన్నాడు, ఫ్లష్ అంటే ఐదు ముక్కలూ ఒకే గుర్తువి. డీలర్ ఏం మాట్లాడకుండా ఆయన ఏసుని ముందుకు జరిపి, దాని పక్కకి ఇంకో ఆఠీన్ జరపండి అంది. లేదు! బోర్డు మీద నాలుగు ఆఠీన్లున్నా మూడే పనికొస్తాయి, చేతిలో రెండోది లేకపోతే ఫ్లష్ లేనట్టే. తర్వాత అదే చేతిలోంచి రాణినీ పదినీ జరిపి, బోర్డులోని రాజు, జాకీ, తొమ్మిది పక్కన పెట్టింది, స్ట్రెయిట్ (వరసగా ఐదు ముక్కలు) ఉంది, ఆయన దాన్ని చూడనే లేదు. చివరికి ఎదురుగా ఉన్న కుర్రాడు ఆఠీన్ ఏడు, మూడుతో చిన్న ఫ్లష్ చూపించి పట్టుకుపోయాడు. యాప్‌లో అయితే గెలిచిన చెయ్యి అదే వెలిగిపోతుంది, ఎందుకు గెలిచిందో బుర్రకెక్కదు, ఇలా ముక్కలు జరిపించి చూపిస్తే ఇక మర్చిపోం.

చేతిలో మూడు ఏసులొస్తే ఎగిరి గంతేయొద్దని కూడా చెప్పింది, వాడేది రెండే, మూడోది మనకి రావాల్సిన ముక్కనే మన చేతిలో బంధించేసినట్టు. హోల్డెమ్‌లో ఏసుల జత రాజుల జత మీద నూటికి 80 సార్లు పైనే గెలుస్తుంది, ఇక్కడ కలిసొచ్చే ముక్కలున్న చెయ్యి ఎదురైతే 60 చుట్టూ ఆడుతుంది అంతే. మరి ఏవి మంచి ముక్కలంటే ఒకదానికొకటి అంటుకునేవి, చేతిలో జాకీ, పది, ఏడు, ఆరు ఉండి బోర్డు మీద తొమ్మిది, ఎనిమిది పడితే స్ట్రెయిట్ చేసే ముక్కలు పేకలో 20 ఉంటాయి, హోల్డెమ్‌లో రెండువైపులా ఓపెన్ అంటే 8 కదా, తేడా చూడండి. రమ్మీ ఆడిన మనవాళ్లకి ఈ భాగం తొందరగానే పట్టుబడుతుంది అనిపించింది.

పాట్ లిమిట్ లెక్క, అంటే ఒక్కసారికి ఎంత దాకా వెయ్యొచ్చో, అది కూడా ఈజీగా చెప్పింది, ఎదుటివాడి బెట్‌కి మూడు రెట్లు కట్టి, అంతకు ముందున్న పాట్ కలపాలి. పాట్ 100, వాడు 50 వేశాడు, మనం 250 దాకా వెయ్యొచ్చు.

ఇప్పుడు కోసిన స్టార్ సంగతి. క్లాస్ అవ్వగానే పక్క టేబుల్ మీద 1-2 డాలర్ల గేమ్ (మొదట్లో తప్పనిసరిగా కట్టే బెట్లు 1, 2 డాలర్లు) రెడీగా పెట్టి, కూర్చోండి కూర్చోండి అని ఫ్లోర్ మేనేజర్ వెంటపడతాడు. 1-2 అంటే చిన్న ఆటే అనుకుంటాం, కానీ పీఎల్ఓలో పాట్ ఉబ్బడానికి రెండు రెయిజులు (బెట్ పెంచడాలు) చాలు, నాలుగు ముక్కలతో అందరికీ ఏదో ఒక ఆశ ఉంటుంది, ఎవడూ ఫోల్డ్ చెయ్యడు, అంటే ముక్కలు పడేసి తప్పుకోడు. ఆ టేబుల్ మీద కూర్చునేది కొత్తవాళ్లు కాదు, మన కోసం కాచుకుని ఉన్న రెగ్యులర్లు. పైగా సీట్ చార్జీ గంట లెక్కన పడుతూనే ఉంటుంది, క్లాస్ టేబుల్‌లోనే ఇంకో గంట చిన్న చిప్స్‌తో ఆడనిస్తే ఏం పోయేది వీళ్లకి? అడిగితే చూద్దాం అన్నారు, ఆ చూడ్డం ఎప్పటికో. తిండికి వింగ్స్ తప్ప ఏం లేవు, ఏసీ మాత్రం గడ్డకట్టిస్తుంది, జాకెట్ పట్టుకెళ్లండి.

ఇండియా నుంచి కజిన్స్ అడుగుతున్నారు, అక్కడ నేర్చుకోవచ్చా అని. ఆన్‌లైన్ డబ్బు ఆటలకి తెలంగాణ 2017లోనే, ఏపీ 2020లో అడ్డుకట్ట వేశాయి, 2025లో సెంట్రల్ చట్టం కూడా వచ్చింది, కాబట్టి ఆ దారి వద్దు. ఒక ప్లాస్టిక్ పేక కొనుక్కుని నలుగురు ఇంట్లో డబ్బుల్లేకుండా కూర్చుని, ముక్కలు తెరిచి పెట్టి ఆడండి, ఈ క్లాస్‌లో చేయించేది కూడా ముప్పావు వంతు అదే.

ఇక్కడున్నవాళ్లు వెళ్తే మధ్య సీట్లో, డీలర్‌కి ఎదురుగా కూర్చోండి, చివర్న కూర్చుంటే బోర్డు తలకిందులుగా పక్కకి కనపడి చదవడానికే టైమ్ అయిపోతుంది. ఫ్రీ క్లాసే కదా అని ఊరికే రాకండి, డీలర్‌కి టిప్ ఇవ్వండి.