నడుస్తున్న సైట్‌లో ఎర్రర్ వివరాలు: అందరికీ చూపాలా, సర్వర్‌కే చూపాలా, లాగ్‌లో రాసుకోవాలా – ఏది మేలు?

సైట్ పడిపోయింది. బ్రౌజర్‌లో ‘రన్‌టైమ్ ఎర్రర్’ అన్న పేజీ తప్ప ఏమీ లేదు. అసలు తప్పేమిటో ఆ పేజీ చెప్పదు. చూడాలంటే వెబ్.కాన్ఫిగ్‌లో (సైట్ సెట్టింగుల ఫైల్) కస్టమ్‌ఎర్రర్స్ మోడ్‌ను, అంటే ఎర్రర్ వివరాలు ఎవరికి చూపాలో నిర్ణయించే సెట్టింగ్‌ను, ఆఫ్ చేసుకోమని మాత్రం, రాయాల్సిన ట్యాగ్‌తో సహా చూపిస్తుంది. అర్ధరాత్రి ఫోన్ మోగుతుంటే ఎవరైనా ఆ మాటే వింటారు. నేనూ విన్నాను. బగ్ పావుగంటలో దొరికింది కానీ ఆఫ్‌ను తిరిగి మార్చడం మర్చిపోయాను. మూడో రోజు క్లయింటు పంపిన స్క్రీన్‌షాట్‌లో మా ఫోల్డర్ పాత్, టేబుల్ పేర్లు, తప్పు జరిగిన చోటి కోడ్ లైన్లు బారుగా కనిపించాయి. ఎన్ని వందల మంది చూశారో తెలీదు.

ఐఐఎస్ (మైక్రోసాఫ్ట్ వెబ్ సర్వర్) మీద ఏఎస్పీ డాట్ నెట్ 4 (మైక్రోసాఫ్ట్ వెబ్ ఫ్రేమ్‌వర్క్) అప్లికేషన్లు నడిపేవాళ్ల ముందు మూడు దారులున్నాయి.

మొదటిది ఆ ఆఫ్, అంటే వివరాలు అందరికీ చూపడం. దీని మేలు ఒక్కటే, వేగం. స్టాక్ ట్రేస్ (కోడ్‌లో తప్పు ఏ దారిన వచ్చిందో చూపే జాబితా) అక్కడికక్కడే కళ్లముందు ఉంటుంది. మీ సొంత మెషీన్‌లో అయితే ఇంతకన్నా సుఖం లేదు. నడుస్తున్న సైట్‌లో మాత్రం దీనికి ఇంకో ఖర్చు కూడా ఉంది: వెబ్.కాన్ఫిగ్ సేవ్ చేయగానే అప్లికేషన్ మళ్లీ మొదలవుతుంది. లాగిన్ వివరాలను మెమరీలోని సెషన్లలో పెట్టుకునే సైట్ అయితే, లాగిన్ అయి ఉన్నవాళ్లంతా ఒక్కసారిగా బయటపడతారు. అన్నట్టు, ఆఫ్ అనే మాటలో మొదటి ఇంగ్లీషు అక్షరం పెద్దది కాకపోతే ఆ సెట్టింగే కొత్త ఎర్రర్ తెస్తుంది.

‘పాత్ తెలిస్తే ఏమవుతుందిలే’ అనేవాళ్లకు నేను 2010 సెప్టెంబరు సంగతి చెబుతాను. ఏఎస్పీ డాట్ నెట్ ఎన్‌క్రిప్షన్‌లో ‘ప్యాడింగ్ ఒరాకిల్’ లోపం బయటపడింది. దాడి చేసేవాడికి స్టాక్ ట్రేస్ కూడా అక్కర్లేదు. ఒక రకం తప్పుకు ఒక జవాబు, ఇంకో రకం తప్పుకు ఇంకో జవాబు వస్తే చాలు, ఆ తేడా పట్టుకుని దాచిన డేటాను విప్పేయగలడు. సెప్టెంబరు 28న ప్యాచ్ వచ్చేదాకా మైక్రోసాఫ్ట్ చెప్పిన తాత్కాలిక ఉపాయం ఏమిటంటే, కస్టమ్‌ఎర్రర్స్ ఆన్ చేసి, ఏ తప్పుకైనా ఒకే పేజీ చూపించడం. అంత చిన్న తేడాకే అంత ప్రమాదమైతే, మొత్తం ట్రేస్ వీధిలో పెట్టడం మాటేమిటి?

రెండోది రిమోట్‌ఓన్లీ. మీరేమీ రాయకపోతే ఉండేది ఇదే. రిమోట్ డెస్క్‌టాప్‌లో సర్వర్‌లోకి వెళ్లి, అక్కడి బ్రౌజర్‌లో లోకల్‌హోస్ట్ తెరిస్తే పూర్తి వివరాలు కనిపిస్తాయి. బయటివాళ్లకు మామూలు పేజీ. వాడకందారుకు రక్షణ, మనకు సమాచారం. చాలామంది తడబడేది ఒక్కచోటే: ఇక్కడ తలుపులు రెండు. డాట్ నెట్ కోడ్‌లో పుట్టిన తప్పులను కస్టమ్‌ఎర్రర్స్ చూసుకుంటుంది. 500.19 (కాన్ఫిగ్ ఫైల్‌లో తప్పు) లాంటి ఐఐఎస్ సొంత తప్పులను హెచ్‌టీటీపీఎర్రర్స్ అనే వేరే సెట్టింగ్ చూసుకుంటుంది. అక్కడ మామూలుగా ఉండేది డీటెయిల్డ్‌లోకల్‌ఓన్లీ, అంటే అదీ వివరాలు సర్వర్‌లో తెరిస్తేనే చూపుతుంది. ఒకటి మార్చి రెండోది మరిచి ‘సెట్టింగ్ పనిచేయట్లేదు’ అని గంటలు పోగొట్టుకున్నవాళ్లను చూశాను.

దీనికో గుంట ఉంది. అదే మెషీన్ మీద ముందు రివర్స్ ప్రాక్సీ (బయటి రిక్వెస్టులను తాను అందుకుని సైట్‌కు పంపే ప్రోగ్రాం) పెడితే, ప్రతి రిక్వెస్టూ 127.0.0.1 (ఆ మెషీన్ తనను తాను పిలుచుకునే చిరునామా) నుంచి వచ్చినట్టే కనిపిస్తుంది. ఊళ్లోవాళ్లంతా ఇంట్లోవాళ్లే అవుతారు. పేరుకు రిమోట్‌ఓన్లీ, పనికి ఆఫ్. షేర్డ్ హోస్టింగ్‌లో తిప్పలు ఇంకో రకం: సర్వర్ డెస్క్‌టాపే మన చేతిలో ఉండదు.

మూడోది కస్టమ్‌ఎర్రర్స్‌ను ‘ఆన్’ చేసి, అంటే అందరికీ మామూలు పేజీయే చూపి, వివరాలను లాగ్‌లోనే చూడటం. కొత్తగా పెద్దగా కట్టాల్సిందేమీ లేదు. పట్టుకోని ఎక్సెప్షన్లు (కోడ్ తానుగా సర్దుకోని తప్పులు) ఈవెంట్ వ్యూయర్‌లో (విండోస్ లాగ్‌లు చూపే టూల్) అప్లికేషన్ లాగ్ కింద 1309 నంబరుతో ఇప్పటికే పడుతుంటాయి. ఐఐఎస్ 7 నుంచి ఫెయిల్డ్ రిక్వెస్ట్ ట్రేసింగ్ ఉంది. విఫలమైన రిక్వెస్ట్ ఏ మాడ్యూల్ దాకా వెళ్లి ఆగిందో ఫైల్‌గా రాసి పెడుతుంది. దీని బలహీనత మనుషుల్లో ఉంది: తెరిచి చూసే అలవాటు లేకపోతే లాగ్ ఉన్నా లేనట్టే. ఆ ఫైళ్లు సైట్ ఫోల్డర్‌లోనే పడి ఉంటే ఆఫ్ చేసినంత పనీ అవుతుంది.

నా మొగ్గు స్పష్టం. సర్వర్ మీ చేతిలో ఉండి, ముందు ప్రాక్సీ లేకపోతే రిమోట్‌ఓన్లీ, దానికి తోడు లాగ్. ప్రాక్సీ ఉన్నా, సర్వర్ చేతిలో లేకపోయినా ఆన్, లాగ్. వాడకందారుకు చూపే పేజీలో ఒక నంబరు వేసి, అదే నంబరు లాగ్‌లోనూ రాయండి. వాళ్లు ఫోన్‌లో ఆ నంబరు చదివితే వెతుకులాట రెండు నిమిషాల పని. ఆఫ్‌ను లైవ్‌లో ఐదు నిమిషాలకైనా నేనొప్పుకోను. టీమ్‌లో ఎవరైనా అర్ధరాత్రి అటు చెయ్యి పెడతారన్న భయం ఉంటే, సర్వర్‌లోని మెషీన్.కాన్ఫిగ్‌లో (ఆ మెషీన్‌లోని సైట్లన్నిటికీ వర్తించే సెట్టింగుల ఫైల్) డిప్లాయ్‌మెంట్ ట్యాగ్‌కు రిటైల్‌ను ట్రూ చేయండి. అప్పుడు వెబ్.కాన్ఫిగ్‌లో ఆఫ్ అని రాసినా బయటివాళ్లకు వివరాలు కనిపించవు.