పిల్లల మెయింటెనెన్స్ (భరణం) ‘రిపోర్టు’ అమ్మేవాళ్లతో జాగ్రత్త

ద్వారకానగర్‌లో ఒక కన్సల్టెన్సీకి 35 వేలు కట్టి మా చెల్లి మోసపోయింది. పేరు రాయను, ఉన్న గొడవలు చాలు. వైజాగ్‌లో భర్తకు వ్యాపారం ఉండి విడాకుల కేసు నడుస్తున్న ఆడవాళ్లు మాత్రం ఇది చదవండి.

మా చెల్లి భర్తకి గాజువాకలో హార్డ్‌వేర్ షాపు. ఇద్దరు పిల్లలు. "మీ ఆయన ఆదాయం మేం లెక్క తీస్తాం, 25 శాతం పిల్లలకి గ్యారంటీ" అన్నారు. చేతికొచ్చింది నాలుగు పేజీలు, స్పైరల్ బైండింగ్. షాపు ఏడాది టర్నోవర్ 90 లక్షలు. దాన్నే ఆదాయం అనుకుని, 25 శాతం తీసి, 12తో భాగించారు. నెలకు లక్షా 87 వేల 500!

వాయిదా రోజు అవతలి లాయరు అది చూసి నవ్వేశాడు. టర్నోవరంటే గల్లాలో పడ్డ డబ్బు. అందులోంచి సరుకు, అద్దె, జీతాలు పోవాలి. ఆయన ఇన్‌కంట్యాక్స్ రిటర్నులో 44ఏడీ కింద (చిన్న వ్యాపారులు టర్నోవర్‌లో ఇంత శాతమే లాభమని చూపించుకునే సెక్షన్) 8 శాతం, అంటే 7 లక్షల 20 వేలే ఉంది. ఇక ఆ 25 శాతం, 2017లో సుప్రీంకోర్టు నెలజీతం వచ్చే ఒక ఉద్యోగి కేసులో భార్యకు చెప్పిన మాటట. పిల్లలకు ఇంత శాతమని మన చట్టంలో ఎక్కడా లేదు.

నాకు ఒళ్లు మండింది ఎక్కడంటే, చూడాల్సినవేవీ వాళ్లు చూడలేదు. 8 శాతం చూపిస్తే లెక్కల పుస్తకాలు రాయక్కర్లేదు, కాబట్టి అసలు లాభం ఎంతో ఆ రిటర్ను చెప్పదు. పెద్దాడి స్కూలు ఫీజు షాపు కరెంటు అకౌంటు చెక్కుతోనే కట్టేవాడు. ఒక చెక్కు జిరాక్స్ మా చెల్లి బీరువాలోనే ఉంది, సంతకం కింద ‘ప్రొప్రైటర్’ అని ముద్ర. కారు, పెట్రోలు కూడా షాపు ఖాతాలోనే. అంటే సొంత ఖర్చులు షాపు డబ్బుతోనే నడిచేవి. బ్యాంకు లోనుకి వెళ్లినప్పుడు ఆదాయం ఎంత రాశాడో ఎవరూ అడగలేదు. లోను కావాల్సినవాడు తగ్గించి రాయడు కదా.

ఇప్పుడు జిల్లా న్యాయసేవాధికార సంస్థ ద్వారా లాయరు దొరికారు. ఆడవాళ్లకు ఆదాయంతో పనిలేకుండా ఉచితమే, ఈ సంగతి మాకు ముందు తెలిసుంటే బాగుండేది. ఆవిడ ముందు అఫిడవిట్ పని పట్టుకున్నారు. 2020 నాటి రజనేష్, నేహా కేసు తీర్పు ప్రకారం ఇద్దరూ ఆదాయం, ఆస్తులు, అప్పులు ప్రమాణం మీద రాసివ్వాలి. మా చెల్లి తన ట్యూషన్ డబ్బులు కూడా రాసింది. షాపు జీఎస్టీ రిటర్నులు, బ్యాంకు స్టేట్‌మెంట్లు, లోను దరఖాస్తు తెప్పించమని పిటిషన్ వేశారు.

కన్సల్టెన్సీవాళ్లు మాత్రం "రిపోర్టు ఇచ్చాం కదమ్మా" అంటున్నారు. డబ్బు వెళ్లింది ఎవరిదో సొంత ఖాతాకి, రసీదు లేదు.